ప్రాగ్ నుంచి తాతయ్యకి

ప్రాగ్,
జూన్ 11, ఆదివారం.

తాతయ్యకి నమస్కారాలు.

ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏమిటీ?" అనడం, అమ్మ వీడియో పెడితే నీ నుదురు తప్ప ఇంకేమీ కనపడకపోవడం. ఇలా కాదని ఉత్తరం రాస్తున్నా. భూతద్దం అక్కర్లేకుండా అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

వచ్చి ఆరు రోజులైంది. ఇద్దరం బాగున్నాం. ఆయనకి ఇంకో నాలుగు రోజులు సెలవుంది, ఈలోగా నాకు ఊరంతా చూపించెయ్యాలని ఆయన ఆరాటం. మా ఇంటి దగ్గర మెట్రో స్టేషన్ పేరు 'నామ్యెస్తీ మీరు'. భూమి లోపలికి ఎంత దిగాలంటే ఎస్కలేటరే 87 మీటర్లు. పాతాళానికి పోతున్నట్టు ఉంటుంది, నేనింకా రెయిలింగ్ వదల్లేదు. 'మీరు' అంటే వీళ్ళ భాషలో శాంతి అట. నన్ను "మీరు అనకు, నువ్వు అను" అని రోజూ పోరుతున్న మనిషి ఆ బోర్డు చూపించి, "సరే, మీరనే అను, ఇంట్లో శాంతిగా ఉంటుంది" అన్నాడు. చూశావా, నీకు రాసేటప్పుడు మాత్రం 'అన్నాడు' అని వచ్చేస్తోంది. అమ్మకి చెప్పకు.

ఆ శాంతి రెండో రోజే పోయింది. కోటకి వెళ్ళడానికి 22వ నంబరు ట్రామ్ ఎక్కాం. ఆయనకి ఏడాది పాస్ ఉంది, నాకు కాగితం టికెట్ కొన్నారు. ఎక్కగానే అక్కడున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలట. అది ఆయన మర్చిపోయారు, నాకు అసలు తెలియదు. మామూలు బట్టల్లో ఉన్న ఒకాయన బ్యాడ్జీ చూపించి టికెట్ అడిగాడు. ఫైన్ కట్టాం. ఎంతో రాయను, నువ్వు రూపాయల్లోకి మార్చి బాధపడతావు. రెండు స్టాపుల దాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నా. తర్వాత ఆయనే మెల్లగా "తప్పు నాది" అన్నారు. మొగుడి నోట ఆ మాట ఇంత త్వరగా వస్తుందని అమ్మమ్మ కూడా చెప్పలేదు నాకు.

కోటలో పెద్ద చర్చి ఉంది. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. ఇంకెప్పుడూ మన వీధి రామాలయం గోపురం గురించి కమిటీ వాళ్ళని తిట్టకు.

నీకు అసలు చెప్పాలనుకున్నది గడియారం సంగతి. పాత ఊరి చౌకులో ఒక గోడకి ఉంది, 1410 నాటిది. గంట గంటకీ కిటికీల్లో బొమ్మలు తిరుగుతాయి, ఒక అస్థిపంజరం గంట కొడుతుంది, చివర్లో కోడి కూస్తుంది. జనమంతా ఫోన్లు పైకెత్తి అది చూసి వెళ్ళిపోతారు. నేను మాత్రం అక్కడే అరగంట నిలబడిపోయాను. ఎందుకంటే అది గోడకి కట్టిన పంచాంగం, తాతయ్యా! మేషం, వృషభం అన్ని రాశులూ ఉన్నాయి. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూపిస్తుంది, చంద్రుడి వృద్ధిక్షయాలు చూపిస్తుంది. మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టు పాత చెక్ వాళ్ళు సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెట్టేవాళ్ళట, దానికో వలయం వేరే ఉంది. ఒక్కటే పేచీ. మన లెక్కలో సూర్యుడు ఇంకా వృషభంలోనే ఉన్నాడు కదా, ఇక్కడ అప్పుడే మిథునంలోకి వచ్చేశాడు. నువ్వు ఈ తేడా గురించి, అదే అయనాంశ గురించి చెప్తుంటే నిద్రపోయేదాన్ని, ఇప్పుడు ఆయన అడిగితే సగమే చెప్పగలిగాను. వివరంగా రాసి పంపు.

సూర్యాస్తమయం అంటే గుర్తొచ్చింది, ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గూకదు. సందె దీపం ఎప్పుడు పెట్టాలో అమ్మని అడుగు. నేనైతే ఏడింటికి పెట్టేస్తున్నా, ఎండలోనే.

ఇక వంతెన. వ్లతవా నది మీద నాలుగో చార్లెస్ అనే రాజు కట్టించాడు. మన గోదావరి వంతెన ముందు పిల్ల వంతెన, అర కిలోమీటరు ఉంటుందంతే. కానీ దానికి ముహూర్తం పెట్టారట! 1357లో, 9వ తేదీ, 7వ నెల, తెల్లవారి 5 గంటల 31 నిమిషాలకి మొదటి రాయి వేశారని చెప్తారు. వరసగా రాసి చూడు: 135797531. ఎటు నుంచి చదివినా ఒకటే. నా పెళ్ళికి అర్ధరాత్రి దాటి మూడింటికి ముహూర్తం పెట్టావని నీతో ఎంత పోట్లాడానో! సున్నంలో గట్టిదనం కోసం కోడిగుడ్లు కలిపారని కూడా ఒక కథ ఉంది. మన కోటలకి బెల్లం, కరక్కాయ అని నువ్వు చెప్పేవాడివి కదా, అలాగ. రాజ్యమంతా గుడ్లు పంపితే, వెల్వరీ అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట. ముహూర్తం గట్టిదే గానీ 1890 వరదకి మూడు కమానులు కూలాయి. 2002 వరదకి మాత్రం తట్టుకుంది. నీ 86 గోదావరి వరద కథ ఆయనకి చెప్పాను, నీ అంత బాగా రాలేదు.

నిన్న అలారం పెట్టుకుని సరిగ్గా 5:31కి వంతెన మీద నిలబడ్డాం. పగలంతా తిరనాళ్ళలా ఉండే చోట, కెమెరాల వాళ్ళు నలుగురు, పెళ్ళి బట్టల్లో ఫొటోలు తీయించుకుంటున్న ఒక జంట, అంతే. ఆ పిల్ల చలికి వణుకుతోంది. "ముహూర్తం వేళ ఏమనుకున్నావు?" అని ఆయన అడిగారు. ఆకలేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి అన్నాను. మీరో అంటే, "జీలకర్రా బెల్లం నీ జుట్టుకి అంటుకుపోతే ఎలా వదులుతుందా అని" అన్నారు. మూడు సార్లు తలంటుకుంటే వదిలిందని ఆయనకి అప్పుడు చెప్పాను.

మందులు వేళకి వేసుకో. ఆవకాయ బ్యాగులో కారలేదని అమ్మకి చెప్పు.

నీ మనవరాలు