ఖాళీగా ఉంచిన రెండో మెట్టు

శాన్ హోసే,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన కెప్టెన్‌కు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఆఫీసు పని అని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఆ సాకు వదిలేస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. చంటివాడికి పళ్ళు వస్తున్నాయి, ఇల్లు మారే ఆలోచన వాయిదా పడింది, మా అత్తగారూ మామగారూ వేసవికి వచ్చి ఉన్నారు. ఇక అసలు విషయానికి వస్తాను, ఇది నీకు చెప్పేదాకా నాకు తోచేటట్టు లేదు.

"ఆటగాడు ఆడాలి, జాతీయగీతం వస్తే నిలబడాలి, గోడు ఏదైనా ఉంటే మైదానం బయట చెప్పుకోవాలి" అని పోయిన ఉత్తరంలో నువ్వు ఈల ఊది ఆట ముగించినట్టు తీర్పు ఇచ్చేశావు కదా. డ్రిల్లు మాస్టారివి, నీకు అలా అనే హక్కు ఉంది. మా మామగారిది కూడా అచ్చం నీ మాటే. సైన్యంలో సుబేదారుగా రిటైరైన మనిషి. పంద్రాగస్టు నాడు టీవీలో జనగణమన మొదలైతే చేతిలో పెసరట్టు పళ్ళెం ఉన్నా సరే, దాన్ని కింద పెట్టి లేచి నిలబడతారు. ఆ నిమిషంసేపూ ఇంట్లో ఎవరూ కుర్చీలో ఉండడానికి వీల్లేదు. అటువంటి మనిషిని, ముందూ వెనకా ఆలోచించకుండా, సాయంకాలం షికారుకని శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్ళాను.

అక్కడ పచ్చిక మీద 20 అడుగులకు పైగా ఎత్తున్న విగ్రహాలు రెండు ఉన్నాయి. ఒంటి నిండా రంగురంగుల పింగాణీ పలకలు అతికి ఉంటాయి. ఇద్దరివీ వంచిన తలలు, పైకెత్తిన పిడికిళ్ళు, బూట్లు లేని పాదాలు. "ఎవరు వీళ్ళు, ఏమిటీ సందర్భం?" అని ఆయన అడిగారు. చెప్పక తప్పలేదు.

పరుగు పందెం కాబట్టి నీకు లెక్కలతో సహా చెబుతాను. 1968 అక్టోబరు 16, మెక్సికో సిటీ ఒలింపిక్స్, పురుషుల 200 మీటర్లు. ఈ విశ్వవిద్యాలయంలో చదువుకున్న టామీ స్మిత్, సెమీఫైనల్లో గజ్జ దగ్గర కండరం పట్టేసినా, ఫైనల్లో గీత దాటకముందే చేతులు చాచి మరీ 19.83 సెకన్లలో ముగించాడు. అది ప్రపంచ రికార్డు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్ 20.06తో రెండోవాడు, ఇక్కడే చదివిన జాన్ కార్లోస్ 20.10తో మూడోవాడు. పతకాలు తీసుకోవడానికి స్మిత్, కార్లోస్ బూట్లు విప్పేసి నల్ల మేజోళ్ళతో వేదిక ఎక్కారు. అది తమవాళ్ళ పేదరికానికి గుర్తు. కార్లోస్ మెడలోని పూసలు, మూకలు ఉరితీసి చంపిన నల్లవాళ్ళ కోసం. అమెరికా గీతం మొదలవగానే ఇద్దరూ తలలు వంచి, నల్ల తొడుగు వేసుకున్న పిడికిలి పైకెత్తారు. కార్లోస్ తన తొడుగులు క్రీడాగ్రామంలో మరిచిపోయి వస్తే, స్మిత్ దగ్గరున్న జతనే చెరొకటి పంచుకోమని సలహా ఇచ్చింది నార్మన్. అందుకే ఒకరిది కుడిచెయ్యి, ఇంకొకరిది ఎడమచెయ్యి.

మామగారు అంతా విని, విచారణ మొదలుపెట్టారు. "గీతం వాయిస్తున్నంతసేపూ కదిలారా?" లేదన్నాను. "నోరు విప్పారా?" అదీ లేదన్నాను. కాసేపు ఆ పాదాల వంక పరిశీలనగా చూసి, "అయితే సావధాన్‌లోనే ఉన్నారన్నమాట. ఆ చెయ్యి ఒక్కటే తప్పు" అని తేల్చారు. కెప్టెన్, నాకు నువ్వే గుర్తొచ్చావు.

ఆ ఒక్క చెయ్యికి వాళ్ళు చెల్లించిన మూల్యం కూడా చెప్పాను. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ పట్టుబట్టి ఇద్దరినీ జట్టులోంచి తీయించి, క్రీడాగ్రామం నుంచి వెళ్ళగొట్టించాడు. 1936లో బెర్లిన్‌లో నాజీ వందనాలు చేస్తున్నప్పుడు అమెరికా ఒలింపిక్ కమిటీ పెద్దగా ఉన్నదీ ఈయనే, అప్పుడు ఈయనకు అభ్యంతరం కనబడలేదు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్ళిద్దరికీ చంపుతామని బెదిరింపులు వచ్చాయి, పని దొరకడం కష్టమైంది. రాజకీయం వద్దనేవాళ్ళు ఏ రాజకీయాన్ని వద్దంటున్నారో నువ్వు కూడా ఒకసారి చూడు.

ఊరుకుంటే పోయేది, కానీ నేను పక్కనే ఉన్న శాంటా క్లారా స్టేడియం కథ కూడా ఎత్తుకున్నాను. అక్కడి ఫార్టీనైనర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో దాడిని నడిపించే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్ అంటారు) కాలిన్ కేపర్నిక్, పోలీసుల చేతుల్లో నల్లవాళ్ళు చనిపోతున్నారన్న బాధతో 2016 ఆగస్టులో గీతం వస్తుండగా బెంచీ మీదే కూర్చుండిపోయాడు. అప్పుడు నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు అతన్ని కలిసి మాట్లాడి, కూర్చోవద్దు, మోకాలి మీద నిలువు, చనిపోయిన తోటి సైనికుడి సమాధి ముందు మేమూ అలాగే చేస్తాం అని నచ్చజెప్పాడు. సెప్టెంబరు 1న శాన్ డియేగోలో కేపర్నిక్ అలాగే చేశాడు.

"సలహా ఇచ్చినవాడు సైనికుడా?" అని మామగారు అడిగారు. అవునన్నాను. కొంతదూరం నడిచాక మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఆ తరవాత, "అయినా జీతమిచ్చే జట్టు బట్టలు ఒంటి మీదున్నప్పుడు సొంత గోడు చెప్పుకోకూడదు" అన్నారు. ఇది కొట్టిపారేయదగ్గ మాటేమీ కాదు, నాకు వెంటనే జవాబు తట్టలేదు కూడా. కానీ ఆ సీజను తరవాత అతనికి ఆ ఫుట్‌బాల్ లీగులో మళ్ళీ ఆడే అవకాశమే దొరకలేదనీ, 2017లో దేశాధ్యక్షుడే సభలో నిలబడి మోకాళ్ళు వంచేవాళ్ళను తీసిపారేయమని అన్నాడనీ చెబితే, "ఉద్యోగం తీయడం దేనికి, నాలుగు కేకలేస్తే చాలదూ?" అన్నారు. సుబేదారుగారి శిక్షాస్మృతిలో అంతకు మించిన సెక్షను లేదు.

మన దేశం సంగతి వేరని ఆయన అనబోతుంటే నేను మన తెలుగు న్యాయమూర్తిని అడ్డం వేశాను. కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు బడిలో జనగణమనకు లేచి నిలబడేవారు గానీ, మతవిశ్వాసం వల్ల పాడేవారు కారు. 1985లో బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు, గీతం పాడి తీరాలనే చట్టం ఏదీ లేదు, గౌరవంగా నిలబడ్డాక అది అవమానం కాదు, పిల్లల్ని తిరిగి చేర్చుకోండి అని తీర్పు చెప్పారు. ఇక ఆయన మెత్తబడతారని నేననుకుంటే, "చూశావా, నిలబడ్డారు!" అని ఆ తీర్పును తన ఖాతాలో జమ వేసుకున్నారు.

అసలు చెప్పవలసింది ఇంకా రానేలేదు. ఆ విగ్రహాల వేదిక మీద రెండో మెట్టు ఖాళీ. నార్మనే తన విగ్రహం పెట్టవద్దని, వచ్చినవాళ్ళెవరైనా ఎక్కి నిలబడేందుకు ఆ చోటు వదలమని కోరాడు. ఆ రోజు అతను చేసిందల్లా, మానవహక్కుల ఉద్యమం బిళ్ళ ఒకటి అమెరికా తెడ్డుపందెం ఆటగాడి దగ్గర అడిగి తీసుకుని ఛాతీకి తగిలించుకోవడం. 1972 ఒలింపిక్స్‌కు అతన్ని పంపలేదు. అది శిక్ష కాదని వాళ్ళ ఒలింపిక్ కమిటీ ఈనాటికీ వాదిస్తుంది. అతని 20.06 మాత్రం 2024 డిసెంబరు వరకు ఆస్ట్రేలియా రికార్డుగా నిలిచింది. 2006లో పోతే స్మిత్, కార్లోస్ వెళ్ళి శవపేటిక మోశారు. 2012లో ఆ దేశపు పార్లమెంటు క్షమాపణ చెప్పింది.

ఇది చెబుతూ ఉండగానే మామగారు చెప్పులు కింద విడిచి, నా చెయ్యి పట్టుకుని ఆ మెట్టు ఎక్కేశారు. ఫోటో తీద్దామని ఫోను బయటికి తీసి, చెయ్యి ఎత్తమని సైగ చేశాను. మడమలు కలిపి, చేతులు తొడలకు ఆనించి, గడ్డం పైకెత్తి, "ఈ మెట్టు మీదవాడు చెయ్యి ఎత్తాడా?" అని కేక వేశారు. ఎత్తలేదన్నాను. "అయితే ఈయనలా నేనూ నిలబడగలను, తియ్యి ఫోటో" అన్నారు. ఆ ఫోటోలో ఆయనకూ నార్మన్‌కూ నిలబడిన తీరులో రవ్వంత తేడా లేదు. మోకాలి సంగతి మాత్రం తనకు ఇప్పటికీ నచ్చలేదనీ, నీకు ఆ ముక్క కూడా తప్పక రాయమనీ అన్నారు. రాశాను.

దేశభక్తి గురించి నీకు ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, ముఖ్యంగా 2016లో సినిమాహాళ్ళలో గీతం తప్పనిసరి చేసి, 2018లో మళ్ళీ ఐచ్ఛికం చేసిన ఆ రోజుల్లో నువ్వు నాతో... సరే, అది మళ్ళీ. నీ బడి ప్రార్థనలో రేపు ఒక పిల్లవాడు నిలబడి, పాడకపోతే నువ్వేం చేస్తావో మాత్రం దాటవేయకుండా రాయి. చంటివాడు లేచాడు, తలుపు తీయమని అత్తగారు పిలుస్తున్నారు, ఉంటాను.

నీ మిత్రుడు