ఉన్న ముక్కలతోనే ఓడ కట్టనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఏమి కొనిపెడితే పిల్లలు సెల్‌ఫోను జోలికి పోకుండా ఉంటారా అని తల్లిదండ్రులు ఆలోచించే రోజులివి కనుక ఇప్పుడే ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కావలిలోనే కాదు, నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, ఏ ఊరు చూసినా చాలా ఇళ్ళలో అటక మీదో బీరువా అడుగునో లెగో ముక్కల సంచి, అంటే ఒకదానికొకటి అతుక్కునే చిన్న ప్లాస్టిక్ ఇటుకల సంచి, ఒకటి పడి ఉంటుంది. అమెరికాలో ఉన్న కొడుకో కోడలో వస్తూ తెచ్చినవి, పుట్టినరోజుకు బంధువులు ఇచ్చినవి, కొన్నాళ్ళు ఆడాక ఎలా కట్టాలో చూపే పుస్తకం చిరిగిపోయి, సగం ముక్కలు చీపురు పాలై, ఇక దేనికీ పనికిరావని పెద్దవాళ్ళు మూటగట్టి పైన పడేసినవి అందులో ఉంటాయి. ఆ సంచిని కిందికి దించి, ఉన్నవాటితోనే పిల్లల చేత తెరచాప ఓడలు కట్టించండని, అందుకోసం వేలు పోసి కొత్త ఓడ సెట్టు కొనవద్దని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లెక్కల ఉపాధ్యాయురాలిగా ఉద్యోగ విరమణ చేశాక మా మనవళ్ళతోనూ వీధిలోని పిల్లలతోనూ నేను చేయిస్తున్న పని ఇదే కాబట్టి, కళ్ళారా చూసిన సంగతే చెబుతున్నాను.

ఓడలే ఎందుకని కొందరు అడుగుతారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండిటిదీ సముద్రపు ఒడ్డు బతుకు. అయినా జువ్వలదిన్నె హార్బరులో మన పిల్లలు చూసేవన్నీ ఇంజను పడవలే, కృష్ణపట్నం రేవుకు వచ్చేవన్నీ పెద్ద పెద్ద సరుకు ఓడలే. గాలితో నడిచే పడవను చూసిన పిల్లవాడు మా వీధిలో ఒక్కడూ లేడు. బకింగ్‌హామ్ కాలువలో ఉప్పూ కట్టెలూ మోసిన పడవలకు తెరచాపలు ఉండేవని, గాలి పడిపోయినప్పుడు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో వాటిని లాగేవారని చెప్పగల పెద్దలు మాత్రం ఇంకా ఉన్నారు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లిలో, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. గాలివానకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే అంతకుముందు రాజులు దాన్ని లాక్కునేవారని, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని దేశదేశాల వర్తకులకు ఆయన ఇచ్చిన మాట అందులో ఉంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా చదివి మరిచిపోయే ఈ విషయాన్ని, చేతిలో ఓడ అడుగు పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి చెబితే, ఓడ ఎక్కడ విరుగుతుంది, సరుకు ఏ భాగంలో పెడతారు, తెరచాప దించకపోతే ఏమవుతుంది అని తనే అడుగుతాడు.

తెరచాప ఓడలంటే గతించిన ముచ్చట అనుకోవడానికీ లేదు. మన నౌకాదళం 1997లో చేర్చుకున్న ఐఎన్‌ఎస్ తరంగిణి అనే ఓడ మీద, తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు మూడున్న దాని మీద, శిక్షణ పొందేవారు ఇప్పటికీ గాలిని నమ్ముకునే సముద్రం నేర్చుకుంటున్నారు. ఆ ఓడ 2003-04లో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. అజంతా గుహల్లోని ఓడ చిత్రాన్ని ఆధారం చేసుకుని, పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి తయారు చేసిన ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య 2025 మే నెలలో కార్వార్‌లో నౌకాదళంలో చేరింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ముక్కలు తక్కువగా ఉన్నప్పుడు ఓడ ఎంత పెద్దదన్నది మన కోరికను బట్టి ఉండదు, మన దగ్గర అన్నిటికన్నా తక్కువగా ఉన్న ముక్కను బట్టి ఉంటుంది. ఓడ ముక్కు సన్నబడాలంటే ఏటవాలు ముక్కలు కుడికొకటి, ఎడమకొకటి జంటలుగా కావాలి. అందుకే మా ఇంట్లో పిల్లలు సంచి బోర్లించగానే మొదట ఆ జంటలను లెక్కపెట్టి, ఆ తరువాతే ఓడ కొలత నిర్ణయిస్తారు. తరంగిణి పొడవు 54 మీటర్లు, వెడల్పు ఎనిమిదిన్నర మీటర్లు. లెగో సెట్లలో వచ్చే, సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తుండే బొమ్మ మనిషి డెక్ మీద నిలబడే కొలతలో దాన్ని కట్టబోతే మోడల్ పొడవు మీటరుం పావు దాటుతుంది, అన్ని ముక్కలు ఏ ఇంట్లోనూ ఉండవు. బొమ్మ మనిషిని వదిలేసి, ఓడ వెడల్పును ఐదు బొడిపెలకు (ముక్కల పైన పొడుచుకు వచ్చి ఉండే గుండ్రటి బుడిపెలకు) కుదిస్తే, అదే నిష్పత్తిలో పొడవు కొసనుంచి కొసకు 32 బొడిపెలవుతుంది. ఒక బొడిపె నడిమి నుంచి పక్క బొడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు కనుక అది పాతిక సెంటీమీటర్ల ఓడ, మామూలు సంచిలో ఉన్న ముక్కలకు సరిపోయే ఓడ. ఏడో తరగతి పిల్లలు నిష్పత్తులను ఇంత ఇష్టంగా కట్టడం నేను బడిలో ఎన్నడూ చూడలేదు.

వెడల్పు ఐదే ఎందుకు, నాలుగు ఎందుకు కాకూడదు అన్న ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఓడ కట్టడంలోని కీలకమంతా అక్కడే ఉంది. ముక్కు వైపు సన్నబడేటప్పుడు రెండు పక్కలా ఒక్కొక్క బొడిపె తగ్గాలి. ఐదుతో మొదలుపెడితే ఐదు, మూడు, ఒకటి అని వచ్చి ముక్కు ఒక్క బొడిపె దగ్గర మొనదేలుతుంది, ఓడ నడిమి గీత మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా బొడిపెల వరుస ఒకటి దొరుకుతుంది. కొయ్యలు నిలబెట్టేదీ, వెనక చుక్కాని తగిలించేదీ ఆ వరుస మీదే. నాలుగుతో మొదలుపెడితే నాలుగు, రెండు దగ్గర ముక్కు మొండిగా ఆగిపోతుంది, కొయ్య పెట్టవలసిన చోట రెండు బొడిపెల మధ్య సందు వస్తుంది. నడిమధ్య ఒకే బొడిపె ఉండే ప్రత్యేకమైన పలకలు ఉంటే ఆ సందును సరిచేయవచ్చు గాని, పాత సంచుల్లో అవి అరుదు. ఓడను అడ్డంగా కోసినట్టు ఊహించి చూసినా ఇదే లెక్క పనిచేస్తుంది: డెక్ దగ్గర ఐదు, నీటి దగ్గర మూడు, అడుగు దూలం దగ్గర ఒకటి.

ముక్కలు అప్పటికీ చాలకపోతే నీటి కింది భాగాన్ని పూర్తిగా మానేయవచ్చు. నీలం పలకలు సముద్రంగా పరిచి, నీటి మట్టం నుంచి పైకి కనబడే ఓడను మాత్రమే కడితే సగం ముక్కలు మిగులుతాయి, చూసేవారికి లోటు తెలియదు. ఇంకా తక్కువుంటే ఓడను నిలువునా సగం చేసి గోడకు ఆనించేలా ఒక పక్క మాత్రమే కట్టవచ్చు. పూర్వం ఇంగ్లండు, అమెరికా దేశాల ఓడ మేస్త్రులు ఇలా సగం ఓడనే చెక్కతో చెక్కుకుని, కుడి ఎడమలు ఒకటే కనుక దాని కొలతల నుంచి అసలు ఓడను తయారు చేసేవారు. రంగుల కొరతకూ దారి ఉంది. బయటికి కనబడే వరుసకు గోధుమ రంగు ముక్కలు దాచుకుని, లోపలి పొట్టలో పసుపు, ఎరుపు, పచ్చ ఏవి ఉంటే అవి నింపాలి. ఆ లోపలి బరువే ఓడను నిలబెడుతుంది కూడా. అసలు ఓడల్లో అడుగున రాళ్ళు ఎందుకు పోసేవారో ఎత్తయిన కొయ్యలు పెట్టిన మోడల్ ఒకసారి పక్కకు ఒరిగితే పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కొయ్యల విషయంలో నా పద్ధతి చెబుతాను. నడుమ రంధ్రం ఉండే చిన్న గుండ్రటి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ రంధ్రాల గుండా కొబ్బరి ఈనె దింపితే కొయ్య బిగుసుకుంటుంది. పై కొస నుంచి రెండు పక్కలకూ, ముందుకూ వెనక్కూ దారం లాగి కట్టాక గాని అది నిటారుగా నిలవదు. ఓడ బొమ్మల్లో కనబడే ఆ తాళ్ళ వల అలంకారం కోసం వేసింది కాదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. తెరచాపకు పాతబడిన వెంకటగిరి నూలు చీర అంచు వదిలి మిగతా గుడ్డ చక్కగా పనికి వస్తుంది. దాన్ని చిక్కటి గంజిలో ముంచి, బోర్లించిన స్టీలు గిన్నె మీద పరిచి ఎండలో ఆరబెడితే, గిన్నె వంపు గుడ్డకు వచ్చి, గాలి నిండిన తెరచాపలా పొట్ట ఉబ్బి నిలుస్తుంది. పై అంచుకు మరో ఈనె కుట్టి కొయ్యకు అడ్డంగా కడితే సరి. ఇటుకల ఆటలో గుడ్డా దారం వాడకూడదనే పట్టింపు కొందరికి ఉంది. లెగో కంపెనీయే 1989లో తెచ్చిన సముద్రపు దొంగల ఓడలకు గుడ్డ తెరచాపలు పెట్టింది కనుక ఆ పట్టింపు మనకు అవసరం లేదు.

ఆ 1989 ఓడల గురించి ఇంకొక మాట. వాటి అడుగు భాగాన్ని కొన్ని పెద్ద అచ్చు ముక్కలుగా పోశారు. అందంగా ఉంటాయి, కాని ఓడ వంపు ఎలా వచ్చిందో కట్టే పిల్లవాడు ఆలోచించే పని ఉండదు, ఆ ముక్కలు మరొక పడవకు కుదరడమూ కష్టం. మామూలు ముక్కల శక్తి వేరు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండుంటే 24 రకాలుగా కలుస్తాయి, మూడుంటే 1,060 రకాలుగా, ఆరుంటే 91,51,03,765 రకాలుగా కలుస్తాయని గణిత శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆరింటికే ఇంత ఉండగా, సంచి సగం ఖాళీ అయిందని బాధపడే తల్లిదండ్రులను చూస్తే ఆ లెక్క చెప్పాలనిపిస్తుంది. తక్కువతోనే ఓడను చూపడం మనవారికి కొత్త కాదు: శాతవాహనుల కొన్ని సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. చిన్న నాణెం మీద ఒక వంపు, రెండు నిలువు గీతలు, కొన్ని తాళ్ళు పెట్టి అది ఓడేనని చూడగానే తెలిసేలా చేశారు ఆ నాణేల పనివారు. మా పిల్లలు ప్రతిసారీ ముందుగా ఆ నాణెం బొమ్మను కాగితం మీద గీసి, అందులో ఉన్నవి తప్ప మరేవీ లేకుండా ఓడ కట్టి చూస్తారు.

ఇవి పరదేశపు ప్లాస్టిక్ ముక్కలే కదా, తాటాకు పడవలూ కాగితపు పడవలూ మనకు లేవా అని ఒక మిత్రురాలు అన్నారు. అవి తప్పకుండా చేయించాలి, నేనూ చేయిస్తాను. కొత్తవి కొనమని నేను చెప్పడం లేదని మాత్రం గుర్తు చేస్తున్నాను. 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకతో సరిగ్గా అతుకుతుంది. అంత మన్నిక ఉన్న వస్తువు అటక మీద దుమ్ము పట్టి ఉండడం నాకు నచ్చదు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. పిల్లలు పెద్దవాళ్ళై హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయిన ఇళ్ళవారు ఆ సంచులను దగ్గరలోని బడికో గ్రంథాలయానికో ఇవ్వాలి. ఇచ్చే ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో చేత్తో కడిగి నీడన ఆరబెడితే చాలు. మరుగు నీళ్ళు పోస్తే ముక్కలు వంకరపోతాయి. నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల వారు వేసవి శిబిరాల్లో ఒక బల్ల దీనికి కేటాయించాలి. మూడేళ్ళలోపు పసిపిల్లలు నోట పెట్టుకోకుండా ఆ బల్ల వేరుగా ఉండాలి. కట్టిన ఓడలను జిగురుతో అతికించకుండా, కొన్నాళ్ళు అందరూ చూశాక విప్పి మరొక జట్టుకు ఇవ్వాలి.

మీ పత్రిక పిల్లల పేజీకి నాదొక ప్రత్యేకమైన కోరిక. సెలవుల్లో వారానికొకటి చొప్పున మన తీరపు తెప్ప, బకింగ్‌హామ్ కాలువ పడవ, శాతవాహన నాణెం మీది ఓడ, తరంగిణి, ఈ నాలుగింటి గీత బొమ్మలను పక్క నుంచి, పై నుంచి కనబడేలా పొడవు వెడల్పుల నిష్పత్తితో సహా ప్రచురించండి. ముక్కల జాబితా మాత్రం వేయవద్దని మనవి. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో వాళ్ళ సంచిని చూసి వాళ్ళే తేల్చుకుంటారు. కాలువ పడవ కొలతలు, తెరచాప కట్టే తీరు తెలిసిన పెద్దలు కావలి, అల్లూరు, కొత్తపట్నం వైపు ఉంటే వారు మీ కార్యాలయానికి రాసి పంపాలని కూడా ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.