ఏనుగు తరఫున కోర్టుకి వెళ్ళే దారి ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

జంతువుల్ని చట్టం వ్యక్తులుగా చూడాలా అనే మాట వస్తే చాలు, చాలామంది "అయితే రేపు కుక్కలకి ఓటు హక్కు కూడా ఇచ్చేస్తారా" అని నవ్వేసి వదిలేస్తున్నారు. నాకు అందులో నవ్వాల్సిందేమీ కనపడట్లేదండీ. చట్టంలో వ్యక్తి అంటే మనిషి అని కాదు కదా, కంపెనీ కూడా వ్యక్తే, దాని పేరు మీద ఆస్తి ఉంటుంది, అది కేసు వేస్తుంది, దాని మీదా వేస్తారు. న్యూజిలాండ్‌లో 2017లో పార్లమెంటు చట్టం చేసి మరీ వాంగానుయ్ నదికి ఈ హోదా ఇచ్చింది. కంపెనీకి కొడితే నొప్పి పుట్టదు, నొప్పీ భయం అన్నీ ఉన్న ఏనుగేమో ఇంకా ఒకళ్ళ సొత్తు.

న్యూయార్క్ బ్రాంక్స్ జూలో హ్యాపీ అనే ఆసియా ఏనుగు కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2005లో దాని తల మీద తెల్లటి గుర్తు పెట్టి పెద్ద అద్దం ముందు ఉంచితే, అద్దంలో చూసుకుంటూ ఆ గుర్తుని తొండంతో మళ్ళీమళ్ళీ తడుముకుంది, అంటే అద్దంలో ఉన్నది వేరే ఏనుగు కాదు తనే అని దానికి తెలిసిందన్నమాట. అలాంటి ఏనుగుని ఏళ్ళ తరబడి మిగతా ఏనుగులతో కలవనీకుండా విడిగా ఉంచారు. దాని తరఫున హెబియస్ కార్పస్, అంటే అన్యాయంగా బంధించినవాళ్ళని విడిపించమని కోర్టుని అడిగే పిటిషన్, వేస్తే 2022 జూన్‌లో అక్కడి పై కోర్టు 5-2 తో కొట్టేసింది. ఆ హక్కు మనుషులదే అన్నారు. ఒప్పుకోని ఇద్దరు జడ్జీల్లో రోవన్ విల్సన్ రాసింది నన్ను బాగా ఆలోచింపజేసింది, ఒకప్పుడు బానిసలు కూడా చట్టం ముందు సొత్తే, అయినా వాళ్ళని విడిపించడానికి ఇదే హెబియస్ కార్పస్ వాడారు అని గుర్తు చేశారాయన. 1772లో లండన్‌లో సోమర్సెట్ అనే బానిస బయటపడింది ఈ దారిలోనే.

బాధ్యతలు మోయలేనివాళ్ళకి హక్కులెలా ఇస్తాం అనేది ఇంకో వాదన, 2014లో న్యూయార్క్‌లోనే టామీ అనే చింపాంజీ కేసులో కోర్టు ఇదే చెప్పింది. మా నాన్న చివరి రెండేళ్ళు మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు, అన్నం తినిపించాలి, చెయ్యి పట్టుకుని నడిపించాలి, ఆయన మోసిన బాధ్యత అంటూ ఒక్కటీ లేదు, కానీ ఆయనకి హక్కుల్లేవు అని ఎవరైనా అంటే ఊరుకునేవాళ్ళమా? ఆయన్ని జంతువుతో పోల్చట్లేదు, హక్కు బాధ్యత వల్ల రాలేదు అంటున్నా, అంతే.

అలాగని అన్ని ప్రాణుల్నీ ఒకే గాటన కట్టమనీ అనను. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు మొత్తం జంతులోకాన్నే చట్టం దృష్టిలో వ్యక్తులని ప్రకటించింది, ఉద్దేశం గొప్పదే, కానీ అంత పెద్ద మాట వల్ల బోనులో ఉన్న ఒక్క ప్రాణికి ఏం ఒరుగుతుంది? దోమ దగ్గర ఆపాలా చేప దగ్గర ఆపాలా అంటే నా దగ్గర జవాబు లేదు. ఏనుగు, చింపాంజీ లాంటివాటితో మొదలుపెట్టడానికి మాత్రం ఆ జవాబు అక్కర్లేదు. అర్జెంటీనాలోని మెండోసాలో అదే చేశారు. సెసిలియా అనే చింపాంజీ జూలో తోడున్న రెండూ చచ్చిపోయి ఒంటరిగా మిగిలితే, 2016లో జడ్జి అది వస్తువు కాదు, హక్కులున్న ప్రాణి అని తీర్పిచ్చి, బ్రెజిల్‌లో చింపాంజీల సంరక్షణ కేంద్రానికి పంపించమన్నారు, తర్వాతి ఏడాది పంపించారు కూడా. దాని వల్ల మనుషుల హక్కుల్లో తగ్గిందేమైనా ఉందా?

మీకొక మనవి. ఇలాంటి కోర్టు వార్తలొచ్చినప్పుడు వింతలు విశేషాలు కింద నాలుగు లైన్లు వేసి వదిలేయకండి, కోర్టు వార్తల పేజీలోనే వేయండి, జడ్జీలు ఏ కారణంతో ఔనన్నారో ఏ కారణంతో కాదన్నారో రెండూ రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు