కోటింగ్ డబ్బా తెరిచే ముందు

తమ్ముడూ,

డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయడానికి మనిషిని మాట్లాడానని రాశావు. అతన్ని ఇంకో వారం ఆగమను. నీళ్లు నిలిచే చోటు నిలుస్తూనే ఉండగా పైన పొర వేయిస్తే ఆ నీటి కింద నానీ నానీ పొర ఉబ్బుతుంది, తర్వాత పెచ్చులుగా లేస్తుంది. ముందు నీళ్లకు దారి చూడాలి, ఆ తర్వాత బీటలు, కోటింగ్ అన్నిటికన్నా చివర.

ఒక లెక్క గుర్తుపెట్టుకో. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. డాబా 100 చదరపు మీటర్లుండి గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. అవన్నీ 4 అంగుళాల గొట్టంలోంచే దిగాలి. ఎండాకాలం వానతో ఇంకో చిక్కుంది. గాలి ముందొస్తుంది. ఎండుటాకులు, దుమ్ము, ప్లాస్టిక్ సంచులు ఊడ్చుకొచ్చి తూము నోటికి చేరుస్తుంది, వాన ఆ తర్వాత మొదలవుతుంది. నిన్ననే ఊడ్చామన్న ధీమా అందుకే పనికిరాదు. తూము మీద చదునైన జాలీ ఉంటే తీసేసి, గిన్నె బోర్లించినట్టు ఎత్తుగా ఉండేది పెట్టించు. చదును జాలీని ఒక్క పెద్ద ఆకు మూసేయగలదు. ఎత్తు జాలీకి అడుగున చెత్త చేరినా పై కన్నాల్లోంచి నీళ్లు పోతాయి. ఉన్నది ఒక్కటే తూమైతే, పిట్టగోడలో డాబా మట్టానికి 2 అంగుళాల పైన ఒక పొర్లు కన్నం కూడా కొట్టించు. అది మెట్లగది గడప కన్నా కిందే ఉండాలి. లేకపోతే తూము పూడిన రోజున నీళ్లు గడప దాటి మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతాయి.

వాటం చూడటానికి పనిముట్లేమీ అక్కర్లేదు. డాబా అంతా తడిసేలా నీళ్లు పట్టి, గంట తర్వాత ఎక్కడెక్కడ నిలిచాయో చుట్టూ సుద్దతో గీత గియ్యి. తూము వైపు మీటరుకు 1 సెంటీమీటరు వాటం ఉండాలి. అంటే 4 మీటర్ల దూరానికి 4 సెంటీమీటర్లు. గీతల లోపలి పల్లాలను పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో ఎత్తు చేయించు. ఉత్త సిమెంటు పలచగా పూస్తే ఎండకు చిట్లి ఊడొస్తుంది.

బీటల్లో మనకు శత్రువు పిట్టగోడ అడుగున, స్లాబుతో కలిసే చోట పొడుగునా పోయే సన్న గీత. మధ్యాహ్నం స్లాబు కాగి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గోడ దానితోపాటు అంతే కదలదు. ఆ గీతను సిమెంటు పాలతో పూడిస్తే సిమెంటు సాగదు కాబట్టి మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. ఉలితో సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు కోసి, బ్రష్షుతో దుమ్మంతా తీసి, బాగా ఆరాక రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. దాని మీద మూల గుండ్రంగా తిరిగేలా అటూ ఇటూ 3 అంగుళాలు మాలు పెట్టాలి. రేపు కోటింగ్ వేసేటప్పుడు అది స్లాబు అంచున ఆగకుండా పిట్టగోడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి, మూల పొడుగునా లోపల ఫైబర్ జాలీ ఉండాలి. ఈ ఒక్క మూల సరిగ్గా కుదిరితే సగం పని అయినట్టే.

కోటింగ్ రోజు నువ్వు పక్కనే ఉండు. స్లాబును గట్టి బ్రష్షుతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కోటింగ్ పట్టుకోవడానికి ముందు పూసే ప్రైమర్ కొట్టి, ఆ తర్వాత రెండు పొరలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, ఆ మాటే వినండి. మిట్టమధ్యాహ్నం కాలిపోయే స్లాబు మీద వేయనివ్వకు. కిందికి పట్టకుండానే పైన తొక్క కట్టేస్తుంది. మబ్బు పట్టిన రోజూ వద్దు.

హాల్లో ఫ్యాన్ దగ్గర చుక్క పడుతోందన్నావు. సరిగ్గా దాని పైన డాబా మీద వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. స్లాబులో కరెంటు వైర్ల గొట్టాలుంటాయి. ఎక్కడో బీటలో దిగిన నీళ్లు ఆ గొట్టం పట్టుకుని కొన్ని మీటర్లు నడిచి, ఫ్యాన్ బాక్సు దగ్గర నోరు కనిపిస్తే అక్కడ కారతాయి. బాగయ్యేదాకా బోర్డులో ఆ ఫ్యాన్ లైనును ఆపే స్విచ్, అంటే ఎమ్‌సీబీ దించేసి ఉంచు.

ఇక కిటికీలు. జరిపే కిటికీ అడుగు గాడిలో బయటివైపు చిన్న కన్నాలుంటాయి, గాడిలో చేరిన వాన నీళ్లు పోవడానికి. ఒక గ్లాసు నీళ్లు ఆ గాడిలో పోసి చూడు. వెంటనే బయటికి కారితే సరే. నిండి లోపలి గోడ మీదికి పొర్లిందంటే దుమ్ము పట్టి ఉంటుంది, లేదా సిలికాన్ పూసినవాడు ఆ కన్నాలు కూడా మూసేసి ఉంటాడు. ఇలా మూసేయడం చాలా మామూలు. సిలికాన్ ఫ్రేముకూ గోడకూ మధ్య సందులోనే, బయటివైపు. సన్‌షేడ్ అడుగున అంచు పొడుగునా సన్న గాడి ఉందా చూడు, లేకపోతే నీటిచుక్క అడుగు పట్టుకునే గోడ దాకా వచ్చేస్తుంది. ఏసీ గొట్టం కన్నం బయటికి వాలి ఉండాలి. గోడలోకి వచ్చే ఏ కేబులైనా లోపలికి దూరే ముందు ఒకసారి కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

కింద, ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలాలి, మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు. డాబా గొట్టం పునాది పక్కనే వదలకుండా ఇంకో పైపు తగిలించి 2 మీటర్ల అవతలికి తీసుకెళ్లు. వీధి కాలువ నిండితే బాత్రూం జాలీలోంచి మురికినీళ్లు ఎదురొస్తాయి. బయటి ఛాంబరులో నీళ్లను బయటికే తప్ప వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టిస్తే ఆ భయం ఉండదు.

గాలివాన రాత్రి మాత్రం నా మాట విను. ఉరుములుంటే తూము పూడినా సరే, ఎవరూ డాబా ఎక్కొద్దు. నాన్నను నిచ్చెన అసలే ఎక్కనివ్వకు. ప్లగ్ పాయింట్ల దాకా నీళ్లొచ్చేలా ఉంటే ముందే మెయిన్ దించెయ్యి. మెయిన్ బోర్డు దగ్గరే నీళ్లుంటే దాని జోలికి పోకుండా కరెంటు వాళ్లకు ఫోన్ చెయ్యి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద టెస్ట్ బటన్ ఉంటుంది, ఈ వారమే నొక్కి చూడు. స్విచ్ పడిపోకపోతే మార్పించు.

తడిసిన గోడకు 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది కాబట్టి బీరువా, మంచం గోడకు దూరంగా జరిపి ఫ్యాన్ పెట్టండి. మరక కనపడకూడదని అమ్మ తొందరపడుతుంది, వెంటనే రంగు మాత్రం వద్దు. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకు అంటించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, 24 గంటల తర్వాత విప్పి చూడండి. గోడవైపు తడి ఉంటే గోడలో ఇంకా చెమ్మ ఉన్నట్టు. గదివైపు తడి ఉంటే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే పోతుంది.

సుద్ద గీతలు గీశాక ఎండలో పైనుంచి నాలుగు ఫొటోలు తీసి పంపు, తూము కనిపించేలా. ఏ పల్లం ఎంత ఎత్తాలో వాటి మీదే గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

అన్నయ్య