లేక్ ఫోర్క్‌కి వచ్చేముందు

ఒరే సూరీ,

నువ్వు హ్యూస్టన్ నుంచి పంపిన ఫొటో చూశాను. డబ్బా నిండా చేపలకి ఎరగా వేసే రబ్బరు పురుగులు, ఇంద్రధనుస్సులో లేని రంగులు కూడా కొనేశావు. "వీటిని పాతిక అడుగుల లోతుకి ఎలా దింపాలిరా?" అని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే ముడుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం తికమక పడతాం. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా, రంగుల గురించి టెన్షన్ పడకు. ఒక ఆకుపచ్చ, ఒక ముదురు వంకాయ రంగు ఉంటే మనకి చాలు. లోతు నీళ్ళలో నేను మొదట ఆలోచించేది ఎరని కిందికి దింపడానికి లైన్‌కి ఎక్కించే గుండు గురించి. గుండు అడుక్కి తగలాలి, అక్కడ బురద ఉందో, గులకరాయి ఉందో, మునిగిన మోడు ఉందో నీ చేతికి తెలియాలి. అది తెలిసిన రోజున పురుగు ఏ కంపెనీదైనా మనం పట్టబోయే బాస్ చేప దాన్ని కొడుతుంది. తెలియని రోజున ఎంత ఖరీదైన పురుగు కట్టినా నీళ్ళు కలిపి రావడమే.

జూలైలో ఒడ్డు దగ్గర పెద్ద చేప ఎందుకు దొరకదో కూడా చెబుతాను. వసంతంలో గుడ్లు పెట్టడానికి బాస్ ఒడ్డుకి వస్తుంది. ఆ పని అయ్యాక మెల్లగా లోపలికి జరిగిపోతుంది, తను తినే చిన్న షాడ్ చేపల గుంపులు ఎటు పోతే అటు. ఇక్కడ ఎండాకాలం పైనీళ్ళు ముప్పై డిగ్రీలు దాటేస్తాయి. అలాగని మరీ అట్టడుక్కీ పోదు. వేసవిలో చెరువు నీళ్ళు పొరలుగా విడిపోతాయి, పైన వెచ్చని పొర, కింద చల్లని పొర. రెండూ కలవవు కాబట్టి కింది పొరలో ఆక్సిజన్ అయిపోతుంది. ఆ రెంటి మధ్య హద్దుని థర్మోక్లైన్ అంటారు, నీళ్ళ అడుగునీ చేపల్నీ చూపించే పడవలోని సోనార్ తెర మీద మసక గీతలా కనబడుతుంది. ఆ గీత కింద ఎర వేసి ప్రయోజనం లేదు. గీతకి కొంచెం పైన, ఎత్తుగా ఉన్న దిబ్బలూ, మునిగిపోయిన పాత రోడ్లూ, పాత వాగు గట్లూ ఎక్కడున్నాయో అక్కడ చూడాలి. అందుకే మనం "లోతు" అనేది ఎక్కువసార్లు 18 నుంచి 28 అడుగుల మధ్యే.

మనం వెళ్ళే ఈ టెక్సాస్ చెరువు, లేక్ ఫోర్క్, దీనికోసమే కట్టారా అనిపిస్తుంది నాకు. 1980లో ఆనకట్ట పూర్తయింది, 27 వేల ఎకరాలకు పైనే. చెట్లని చాలా చోట్ల నరకకుండా అలాగే నీళ్ళలో ముంచేశారు. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్ ఇక్కడిదే: 1992 జనవరిలో బారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయనకి పడింది, 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైమాటే. ఆయన దిగింది క్రాపీ చేపల కోసం, చిన్న చేపని ఎరగా వేసి, చాలా లోతు నీళ్ళలో. ఇన్నేళ్ళయినా ఆ రికార్డు అలాగే ఉంది.

మన ఊళ్ళో కాలవ గట్టున వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా చూసి లాగేవాళ్ళం కదా. ఆ అలవాటు ఇక్కడ నీకు అడ్డొస్తుంది, ముందే చెబుతున్నాను. ఇక్కడ చూడడానికి బెండు ఉండదు. ఉన్నదల్లా లైనూ, నీ చూపుడు వేలూ.

గుండు టంగ్‌స్టన్‌దే కొను. సీసం కన్నా బాగా సాంద్రమైన లోహం, అందుకని అదే బరువుకి గుండు చిన్నగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. సీసం మెత్తన, తగిలిన దెబ్బని సగం తానే మింగేస్తుంది. టంగ్‌స్టన్ రాయికి తగిలితే "టక్" అని రాడ్ పిడిదాకా వస్తుంది. ధర ఎక్కువే, మోడుల్లో పోతే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా నా మాట విను. లైన్ ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారం, 15 పౌండ్ల బరువు ఆపేది ఎక్కించు. అది నీళ్ళలో మునుగుతుంది. అల్లిక దారం తేలుతుంది, గాలికి విల్లులా వంగుతుంది, ఆ వంపులో చేప కొట్టే చిన్న చిన్న దెబ్బలన్నీ చేతికి తెలియకుండా పోతాయి. ఫ్లోరోకార్బన్‌తో ఒక్క జాగ్రత్త: ముడి బిగించేముందు ఉమ్మితో తడుపు. పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ ముడి దగ్గరే పాడవుతుంది.

ఇక కట్టడం. మనం రోజంతా ఎక్కువగా వాడేది కరోలినా రిగ్ (రిగ్ అంటే గుండూ గాలమూ లైన్‌కి అమర్చే తీరు). మెయిన్ లైన్‌లోకి ముప్పావు ఔన్సు గుండు, గాలి ఎక్కువగా ఉంటే ఒక ఔన్సుది, తర్వాత ఒక గాజుపూస, తర్వాత ఒక చిన్న స్వివెల్, అంటే గిర్రున తిరిగే లోహపు లింకు, కట్టు. స్వివెల్ రెండో కొసకి మూడడుగుల లీడర్ (విడిగా కట్టే లైన్ ముక్క), దాని చివర 4/0 సైజు ఆఫ్‌సెట్ గాలం, అంటే కన్ను దగ్గర మెలిక ఉన్నది. గుండు అడుగున పాకుతూ బురద రేపుతుంది, పూసకి తగిలి చప్పుడు చేస్తుంది. వెనకాల మూడడుగుల దూరంలో పురుగు ఏ బరువూ లేనట్టు తేలుతూ, వాలుతూ వస్తుంది. ఆ లీడర్ మాత్రం కొంతమంది ఫ్లోరోకార్బన్ కాకుండా మామూలు నైలాన్‌తో కడతారు, నేనూ అంతే. నైలాన్ అంత తొందరగా మునగదు కాబట్టి పురుగు అడుక్కి కొంచెం పైన నిలబడుతుంది. ఉప్పు ఎక్కువ కలిపిన పురుగులు బరువుగా ఉంటాయి, వాటిని ఈ రిగ్‌కి వాడకు. బల్లి ఆకారంలో ఉన్నవి ఉన్నాయి చూడు నీ డబ్బాలో, అవి తీసిపెట్టు.

విసిరాక రీల్ వెంటనే లాక్ చెయ్యకు. లాక్ చేస్తే గుండు ఊయల ఊగినట్టు పడవ వైపు వచ్చేస్తుంది, నువ్వు గురిపెట్టిన దిబ్బ దాటిపోతుంది. లైన్ వదులుతూ నిలువుగా పడనివ్వు. లైన్ వదులైపోతే అడుగు తగిలిందన్నమాట. అప్పుడు రాడ్‌ని పైకి ఎత్తకుండా పక్కకి, నేలకి సమాంతరంగా మెల్లగా లాగు. లాగడం రాడ్‌తో, వదులు చుట్టుకోవడం రీల్‌తో. గులకరాళ్ళ బాట మీద సైకిల్ తొక్కితే హ్యాండిల్ అదురుతుందే, గట్టి అడుగు మీద చేతికి అలాగే తెలుస్తుంది. బురదలో అయితే ఏమీ తెలియదు, బరువు మాత్రమే. బురద నుంచి గులకకి మారిన ఆ చోట ఆగు, ఓ పదిదాకా లెక్కపెట్టు. దెబ్బ ఎక్కువగా అక్కడే తగులుతుంది.

మోడుల మధ్యకి వెళ్ళినప్పుడు కరోలినా పనికిరాదు, లీడర్ కొమ్మలకి చుట్టుకుంటుంది. అక్కడ టెక్సాస్ రిగ్. బుల్లెట్ గుండు మొన పైకి ఉండేలా ఎక్కించు, అర ఔన్సు నుంచి ముప్పావుదాకా, దాని వెనక గాలం. పది అంగుళాల పురుగుకి 5/0 గాలం సరిపోతుంది. గుచ్చడం మాత్రం తొందరపడకు. గాలం మొనని పురుగు తల నడిమధ్యలో గుచ్చి, గోరంత లోపలికి పోనిచ్చి, పక్కనుంచి బయటికి తియ్యి. గాలం కన్ను తలలో దాగేదాకా లాగి, గాలాన్ని తిప్పు. ఇప్పుడు పురుగుని గాలం పక్కన పెట్టి, వంపు సరిగ్గా ఎక్కడికి వస్తుందో చూసుకుని అక్కడే గుచ్చు. మొన వీపు మీద చర్మం కింద పట్టీపట్టనట్టు ఉండాలి, అప్పుడే కొమ్మకి పట్టుకోకుండా జారుతుంది. పురుగు తిన్నగా వేలాడుతోందో లేదో గాల్లో పట్టుకుని చూడు. ఏమాత్రం గూని ఉన్నా విప్పి మళ్ళీ గుచ్చు. అయిదడుగుల నీళ్ళలో ఆ గూని వల్ల పెద్ద నష్టం లేదు. పాతికడుగులు పడేసరికి పురుగు గిర్రున తిరుగుతుంది, లైన్ మెలిపడుతుంది, చేప దగ్గరికి కూడా రాదు. చాలామంది ఇక్కడే సర్దుకుపోతారు, నువ్వు సర్దుకుపోకు.

నీకో సంగతి తెలుసా, ఈ మెత్తని ప్లాస్టిక్ పురుగుల్ని 1949లో ఒహాయోలోని అక్రాన్‌లో తయారుచేసిన నిక్ క్రీమ్, తర్వాత తన వ్యాపారాన్ని టెక్సాస్‌లోని టైలర్ ఊరికి తెచ్చుకున్నాడు. టైలర్ మనం వెళ్ళే చెరువుకి దగ్గరే. ఆ ఊరి పేరు బోర్డు మీద చూసినప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

చేపలు సోనార్‌లో పడవ కిందే కనబడుతూ, ఏం వేసినా కదలకపోతే డ్రాప్‌షాట్ అనే ఇంకో రిగ్ తీద్దాం. ఇది జపాన్ నుంచి వచ్చిన పద్ధతి. గాలం పైన, గుండు కింద. లైన్‌ని జంటగా మడిచి గాలం కన్నులో దూర్చి వేసే పాలోమార్ ముడి వేసి కొసని బాగా పొడుగ్గా వదులు. ఆ కొసని గాలం మొన ఉన్న వైపు నుంచి కన్నులోకి మళ్ళీ దూర్చి కిందికి లాగితే గాలం లైన్‌కి అడ్డంగా, మొన పైకి చూస్తూ నిలబడుతుంది. అడుగున్నర కింద గుండు, ప్యాకెట్ మీద 3/8 ఔన్సు అని రాసినది, సుమారు పది గ్రాములు ఉంటుంది. గాలం చిన్నది, ఒకటో నంబరు. పురుగు కూడా చిన్నది, ముక్కుకి గుచ్చితే చాలు. దీనికి స్పిన్నింగ్ రాడ్, 8 పౌండ్ల లీడర్. గుండుని అడుగున కదలకుండా ఉంచి లైన్ వదులుని మాత్రం వణికించు. నువ్వు ఊపుతున్నానని అనుకునేదానికన్నా తక్కువ ఊపినా ఎక్కువే.

దెబ్బ తగిలినప్పుడు ఎగిరి లాగకు. లోతులో లైన్ సాగుతుంది, మధ్యలో వంపు ఉంటుంది. రాడ్ కిందికి దించి, చేప బరువు తెలిసేదాకా గబగబా చుట్టి, అప్పుడు పక్కకి బలంగా లాగు. డ్రాప్‌షాట్‌కి లాగడం కూడా అక్కర్లేదు, చుట్టుకుంటూ పోతే సన్న గాలం తనే దిగుతుంది.

చేపని వదిలే సంగతి చాలా ముఖ్యం సూరీ. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని వెంటనే వదిలెయ్యాలి, రూలు అది. మనకి పడే మంచి చేపలన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. లోతు నుంచి వేగంగా పైకి వచ్చిన చేపకి లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా కిందికి పోలేక పక్కకి వాలి తేలుతుంది. ఎండలో అలా తేలితే చచ్చిపోతుంది. అందుకని ఫొటోల కోసం ఆలస్యం చెయ్యొద్దు. తడిచేత్తో పట్టుకుని, గాలం తీసి, తలకిందులుగా నీళ్ళలోకి విసురుగా వదలాలి. అయినా దిగకపోతే నా దగ్గర బరువు కట్టి చేపని లోతుకి దించే క్లిప్పు ఉంది, దానితో దింపుదాం. ముప్పై అడుగులు దాటిన చోట ఎంత పెద్ద గుంపు కనబడినా నేను గాలం వెయ్యను, నువ్వు బతిమాలినా వెయ్యను.

లైసెన్స్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకో. పోలరైజ్డ్ కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకో. గుండ్లూ గాలాలూ నా దగ్గరున్నాయి, మళ్ళీ కొనకు. ఈలోగా రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఆ పాలోమార్ ముడి వెయ్యడం ప్రాక్టీస్ చెయ్యి, చీకట్లో కూడా వెయ్యగలగాలి. మనం రాంప్ దగ్గర పడవ దించేది తెల్లవారకముందే. చెల్లెమ్మనీ పిల్లల్నీ కూడా తీసుకురా, ఇంట్లో మీ వదిన గోంగూర పచ్చడి పెట్టి ఉంచుతానంది. శుక్రవారం ట్రాఫిక్‌లో పడకుండా మధ్యాహ్నమే బయల్దేరండి.

నీ
ప్రసాదు