వడ్డీ మాఫీ కాదు, రాని డిమాండు తీసేయండి

సంపాదకులకు,

మార్చి వచ్చిందంటే ఆస్తిపన్ను వడ్డీలో రాయితీ ప్రకటించడం ఆనవాయితీ అయిపోయింది. హైదరాబాద్‌లో 2020 నుంచి పలుమార్లు వన్ టైమ్ సెటిల్‌మెంట్ పేరుతో 90 శాతం వడ్డీ వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో సగం తగ్గించారు. నెలకు 2 శాతం వడ్డీ 50 నెలల్లో అసలును అందుకుంటుంది కాబట్టి జనం ఊరట కోరడం సహజమే. కానీ లెక్క చూడండి. పదేళ్ల నాటి 10,000 రూపాయల పన్నుకు వడ్డీ 24,000. అందులో 90 శాతం పోతే కట్టేది 2,400. ఆ 10,000ను 6 శాతానికి బ్యాంకులో వేసుకున్నా ఈపాటికి 6,000 చేతికొచ్చేది. ఏటా ఏప్రిల్‌లోనే కట్టేసి 5 శాతం తగ్గింపు తీసుకున్నవాడు వెర్రిబాగులవాడయ్యాడు.

ఇంత చేసినా డిమాండు (కట్టాలని వేసిన పన్ను), వసూలు, బకాయి రాసే డీసీబీ రిజిస్టరులో బకాయి కరగదు. ఎన్నటికీ రాని మొత్తాలు అందులో పేరుకుని ఉండటమే కారణం. ఒకే ఇంటికి పాత, కొత్త అసెస్‌మెంట్ (పన్ను ఖాతా) నంబర్లు రెండూ నడుస్తుంటాయి. రోడ్డు విస్తరణలో కూల్చేసిన దుకాణం మీద ఆరు నెలలకోసారి డిమాండు పడుతూనే ఉంటుంది. రాజ్యాంగం 285వ అధికరణం వల్ల కేంద్ర ప్రభుత్వ భవనాలకు ఆస్తిపన్ను ఉండదు. అందించే సేవలను బట్టి పన్నులో 75 శాతమో, 50 శాతమో, మూడో వంతో సర్వీసు ఛార్జీ మాత్రమే వస్తుంది. అయినా పూర్తి పన్ను వేసి బకాయి చూపిస్తారు. ఇవి మొండి బాకీలు కావు, తప్పుడు డిమాండ్లు. వీటిని రాని బాకీల రద్దు జాబితాలో కలపకుండా, తప్పు జరిగిన అర్ధ సంవత్సరం నుంచే డిమాండు సవరించాలి.

నిలబడి ఉన్న ఇంటి సంగతి వేరు. ఆస్తిపన్ను ఆ భవనం మీదే మొదటి హక్కు. యజమాని పోయినా, అమ్మేసినా పన్ను ఇంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ‘యజమాని ఆచూకీ లేదు’ అని బిల్ కలెక్టర్ రాసినంత మాత్రాన దాన్ని రద్దు చేయకూడదు. పేరు మార్పిడికి వచ్చిన రోజున వసూలు చేయవచ్చు.

నిజంగా మునిగేవి మున్సిపల్ షాపుల అద్దెలు, పాత ప్రకటనల పన్ను. 101వ రాజ్యాంగ సవరణతో, జీఎస్టీ రాకతో ప్రకటనల పన్ను పోయింది. మూతపడ్డ ఏజెన్సీల పాత బకాయిలు మాత్రం పద్దుల్లో మిగిలాయి. వీటికైనా ముందు డిపాజిట్‌ను బకాయి కింద జమ చేసుకున్నారా, డిమాండు నోటీసు అందిందా, జప్తు వారంటు ఇస్తే ఏం దొరికిందో పంచనామా ఉందా అని చూడాలి. ఈ కాగితాలు లేని ఫైలును ఆడిట్‌వాళ్లు తిప్పి పంపితే తప్పు వాళ్లది కాదు.

జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ ప్రకారం ఆస్తిపన్ను బకాయికి రెండేళ్లు దాటితే 25 శాతం, మూడేళ్లు దాటితే 50, నాలుగేళ్లకు 75, ఐదేళ్లకు మొత్తం కేటాయింపు (రాకపోవచ్చని లెక్కల్లో పక్కన పెట్టే సొమ్ము) చూపాలి. దీన్ని పట్టుకుని ‘ఐదేళ్లు దాటినవన్నీ రద్దు’ అని టోకు తీర్మానం చేస్తే పొరపాటే. కేటాయింపు లెక్క కోసం మాత్రమే. బాకీ బతికే ఉంటుంది, నోటీసులు ఆగకూడదు. రద్దు మాత్రం ఒక్కో అసెస్‌మెంటుకు కారణం, రుజువు, మొత్తం విడిగా రాసి, వేరే వార్డు ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చేత తనిఖీ చేయించి కౌన్సిల్ ముందు పెట్టాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబరు ఆపకపోతే ఏప్రిల్ 1న డిమాండు మళ్లీ పుడుతుంది. అకౌంట్స్‌లో తీసేసి రెవెన్యూలో వదిలేస్తే రెండు విభాగాల అంకెలు ఇక ఎన్నటికీ కలవవు.

వసూలు శాతం పెంచి చూపడానికి డిమాండు కోసేవారికి ఒక్క మాట: 15వ ఆర్థిక సంఘం గ్రాంటుకు షరతు పెట్టింది వసూళ్ల పెరుగుదలకు, శాతానికి కాదు.

కౌన్సిల్ తీర్మానానికి 15 రోజుల ముందే రద్దు జాబితాను వార్డు కార్యాలయాల్లో అంటించాలి. ‘కూలిపోయింది’ అని రాసిన ఇంట్లో ఇప్పుడు అద్దెకు ఎవరుంటున్నారో చుట్టుపక్కలవాళ్లే చెబుతారు.

– విశ్రాంత మున్సిపల్ అకౌంటెంట్, తెనాలి