2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగ్గది ఒకటుంది. కార్గిల్ యుద్ధంలో మేజర్ పద్మపాణి ఆచార్య నేలకొరిగి పాతికేళ్లు నిండిన 2024 జూన్ 28న, విజయవాడ సింగ్‌నగర్‌లోని మన ఆవరణలో ఆయన స్మారక ఫలకాన్ని ఆవిష్కరించుకున్నాం.

ఫలకం మీద ఉన్నవి పదకొండు పంక్తులే అయినా సరిదిద్దడానికి నెలన్నర పట్టింది. మొదటి నమూనాలో ‘రాజ్‌పుత్ రెజిమెంట్’ అని వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగిన ఆ అధికారి పనిచేసింది రాజపుతానా రైఫిల్స్ 2వ బెటాలియన్‌లో. రెండూ వేర్వేరు రెజిమెంట్లు. చనిపోయిన చోటు టోలోలింగ్ శిఖరం అని కూడా రాశారు. టోలోలింగ్ జూన్ 13నే ఆ బెటాలియన్ చేతికి వచ్చింది. ఆచార్య గారు ప్రాణమిచ్చింది ఆ తర్వాత పదిహేను రోజులకు, అదే ద్రాస్ సెక్టారులో నోల్ అనే గుట్ట మీద దాడిలో. ముందు వెళ్లిన జవాన్లు కాల్పులకు చిక్కుకుంటే వెనక ఉంచిన చిన్న దళాన్ని (రిజర్వు ప్లటూన్‌ను) తానే నడిపించారు. తూటాలు తగిలి కదల్లేని స్థితిలో, నన్ను వదిలి ముందుకు పొండని ఆదేశించారు. ఆ ఒక్క రాత్రి దాడుల్లోనే ఇరవై రెండేళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్, కెప్టెన్ కెంగురుసే కూడా పోయారు. అందుకే వారి పేర్లూ కింద చెక్కించాం. హోదా పేరుకు ముందు, ఆయనకు దక్కిన శౌర్య పురస్కారం మహావీర చక్ర పేరుకు తర్వాత రావాలి. ఇదీ రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

చీమకుర్తి గెలాక్సీ రాయి వేద్దామని కొందరన్నారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ బంగారు చుక్కల్లో చిన్న అక్షరాల గుళ్లు, ఒత్తులు కలిసిపోతాయి. చుక్కలేని నల్లరాయి తీసుకున్నాం: మూడడుగులు, రెండడుగులు, 20 మిల్లీమీటర్ల మందం. ఒట్టి సిమెంటుతో అతికిస్తే మన ఎండలకు వెనక గుల్లపడి ఊడివస్తుంది కనుక నాలుగు మూలలా స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వేయించాం. అది దండగ ఖర్చన్నవారు సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత ఆ మాట అనడం లేదు. రోజుల తరబడి నీళ్లలో ఉన్నా రాయి కదల్లేదు. అక్షరాల గాళ్లలో బురద చేరి తెల్ల ఎనామిల్ మాత్రం పొరలుగా లేచింది. యాసిడ్ పోస్తే మచ్చలు పడతాయి కాబట్టి టూత్‌బ్రష్, మంచినీళ్లతోనే కడిగి, బాగా ఆరాక రంగు నింపాం.

ఆవిష్కరణ రోజు జెండాను ఎందుకు అవనతం చేయలేదని (సగానికి దించలేదని) కొందరు అడిగారు. అది ప్రభుత్వం ప్రకటించినప్పుడే చేయాలి, సంఘాలు సొంతంగా చేయకూడదు.

బ్యూగిల్ మీద అమరులకు నివాళిగా ఊదే లాస్ట్ పోస్ట్ బాణీని, మౌనం తర్వాత ఊదే రౌజ్ బాణీని తడబడకుండా వాయించిన ఎన్‌సీసీ విద్యార్థికి, పుష్పచక్రాలు కట్టిచ్చిన తల్లులకు, షామియానా, మజ్జిగ ఏర్పాటు చేసిన సభ్యులకు కృతజ్ఞతలు. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి రాలేదు, రానని కబురూ పెట్టలేదు. ఫలకం మీది తెర మన మాజీ సుబేదారు గారే తీశారు. బురద ఎత్తడానికి పేర్లిచ్చినవారు ముప్పై ఇద్దరు, వచ్చినవారు ఏడుగురు. ఇళ్లు మునిగినవారిని అనడం లేదు. పొడి ఇళ్లలో ఉన్నవారికే ఈ మాట.

జమాఖర్చులు కోశాధికారి గారు పంచిన కాగితంలో ఉన్నాయి, ఆమోదించగలరు.

జెండా స్తంభం అడుగు పలక తుప్పు తినేసింది. 2025లో జూన్ 28 శనివారం. ఆలోగా పలక మార్చాలి. పనికి నిజంగా వచ్చేవారే పేర్లివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి